పటంలో ఉన్న శ్మశానం ఎలా మాయమైంది

1755లో న్యూయార్క్ నగర పటం ఒకటి అచ్చయింది. మన్‌హాటన్ దీవి దక్షిణ కొసన కిక్కిరిసిన వీధులు, రేవు, కోట, చర్చీలు. ఉత్తరాన, శత్రువుల భయంతో ఊరి పొలిమేరకు అడ్డంగా కట్టిన కర్రల దడి. ఆ దడి దగ్గర, మంచినీటి చెరువు వైపు జారే పల్లం పక్కన, సర్వే చేసిన ఫ్రాన్సిస్ మార్‌షాల్క్ ఒక జాగాకు పేరు రాశాడు: "నీగ్రోల ఖనన స్థలం".

రెండు వందల ముప్పై ఆరేళ్ల తరువాత, 1991లో, అదే చోట 34 అంతస్తుల ప్రభుత్వ భవనానికి పునాది తవ్వుతుంటే మనుషుల ఎముకలు కనిపించాయి. మరచిపోయిన శ్మశానం అనుకోకుండా బయటపడిందని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. ఆ శ్మశానం పటాల్లో ఉంది, నగర పాలక మండలి రికార్డుల్లో ఉంది, భూముల పత్రాల్లో ఉంది. చివరికి ఆ భవనం కోసం చేయించిన ముందస్తు అధ్యయనంలో కూడా ఉంది. అందరికీ తెలిసిన చోటు అందరికీ తెలియనిదిగా ఎలా మారుతుంది? అమెరికాలో నల్లజాతివారి శ్మశానాల గురించి అర్థం చేసుకోవాలంటే ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

న్యూయార్క్ అనగానే బానిసత్వం గుర్తుకు రాదు. అది దక్షిణాది పత్తి తోటల పాపం అని చాలామంది నమ్మకం. కానీ న్యూయార్క్ ఇంకా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్న 1626లోనే డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ పదకొండు మంది ఆఫ్రికన్ పురుషులను అక్కడికి తెచ్చింది. అడవి కొట్టింది, దారులు వేసింది, కోట కట్టింది అలా తెచ్చినవారే. 1644లో ఆ పదకొండు మందికి కంపెనీ ఒక వింత స్వేచ్ఛ ఇచ్చింది. వాళ్లు ఊరి బయట భూమి సాగు చేసుకోవచ్చు, ఏటేటా కప్పం కట్టాలి, పిలిచినప్పుడు వచ్చి పని చేయాలి. వాళ్ల పిల్లలు మాత్రం బానిసలుగానే ఉంటారు, ఇకపై పుట్టబోయేవారు కూడా. చరిత్రకారులు దీన్ని అర్ధ స్వేచ్ఛ అంటారు.

1664లో ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చాక పరిస్థితి మరింత బిగిసింది. 1703 నాటికి నగరంలోని ఇళ్లలో దాదాపు 42 శాతం ఇళ్లకు బానిసలు ఉన్నారు. 1711లో వాల్ స్ట్రీట్ చివర, ఈస్ట్ నది ఒడ్డున, బానిసలను అమ్మడానికీ అద్దెకివ్వడానికీ నగరమే ఒక సంతను ఏర్పాటు చేసింది.

బతికినప్పుడు ఇంట్లో పని చేయించుకున్నవారు, చచ్చాక తమ పక్కన చోటివ్వలేదు. 1697లో ట్రినిటీ చర్చి తన ఆవరణలో నల్లజాతివారిని పాతిపెట్టకూడదని తీర్మానించింది. ఊరి చివర, వాగు పల్లంలో, ఎవరికీ అక్కరలేని నేలలో వేరుగా విడిచిన శ్మశానం అంటే ఏమిటో మన ఊళ్లు ఎరిగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ కూడా మనసు తీరా ఏడవనివ్వలేదు. 1712లో బానిసలు తిరగబడ్డాక, నలుగురు కలిసిన ప్రతి చోటూ పాలకులకు కుట్రగా కనిపించింది. చీకటి పడ్డాక అంత్యక్రియలు చేయకూడదని 1722లో ఆజ్ఞ వచ్చింది. 1731లో శవం వెంట పన్నెండు మందికి మించి నడవకూడదన్నారు. పగలంతా ఇంకొకరి పనిలో ఉండే మనిషికి తన బిడ్డను సాగనంపడానికి రాత్రి తప్ప వేరే వేళ ఉండదు. ఆ చట్టం రాసినవారికి ఆ సంగతి తెలుసు.

అయినా ఆ ఆరున్నర ఎకరాల నేల వాళ్లకు దక్కిన ఏకైక సొంత చోటు. సుమారు 1795 వరకు, వంద సంవత్సరాలకు పైగా, అక్కడ పదిహేను వేల మందిని పాతిపెట్టి ఉంటారని అంచనా. బానిసలు, విడుదలైనవారు, పసిపిల్లలు. 1741లో నగరాన్ని తగలబెట్టే కుట్ర పన్నారన్న ఆరోపణపై ముప్పై మంది నల్లజాతి పురుషులను చంపారు. పదమూడు మందిని సజీవ దహనం చేశారు, మిగిలినవారిని ఉరి తీశారు. ఆ శిక్షలు అమలు చేసిన చోటు కూడా ఈ శ్మశానానికి దగ్గరే.

ఈ చోటు గురించి అక్కడివారే స్వయంగా మాట్లాడిన పత్రం ఒకటి ఉంది. 1788 ఫిబ్రవరిలో నగరంలోని నల్లజాతివారు, స్వేచ్ఛ ఉన్నవారూ లేనివారూ కలిసి, పాలక మండలికి ఒక విన్నపం పెట్టారు. వైద్య విద్యార్థులు రాత్రివేళ వచ్చి తమవారి శవాలను తవ్వుకుపోతున్నారని, కోతకు వాడుకుంటున్నారని వాళ్ల ఫిర్యాదు. వైద్య విద్యను ఆపమని వాళ్లు కోరలేదు. చనిపోయినవారికి ఇవ్వవలసిన మర్యాద ఇచ్చి చేయమని మాత్రమే అడిగారు. మండలి పట్టించుకోలేదు. తెల్లవారి సమాధుల నుంచి కూడా శవాలు పోతున్నాయని తెలిశాక, ఏప్రిల్‌లో జనం ఆసుపత్రి మీద విరుచుకుపడ్డారు, ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది శవాల దొంగతనంపై చట్టం వచ్చింది. ఆ విన్నపం చదివినప్పుడల్లా నన్ను కలచివేసేది దాని మర్యాద. అంతటి అవమానాన్ని అంత నిదానంగా చెప్పవలసి రావడం.

తరువాత చేసిందంతా కాగితాలే చేశాయి. డచ్ కాలం నుంచి ఆ నేల మీద హక్కు వాన్ బోర్సమ్ కుటుంబానిది. 1790లలో ఊరు ఉత్తరానికి పెరిగేసరికి ఆ పల్లానికి ధర వచ్చింది. 1795లో వారసులు నేలను పంచుకుని, ప్లాట్లు వేసి అమ్మారు. పాతిపెట్టబడినవారి బంధువులు ఊళ్లోనే ఉన్నారు, కానీ పత్రం మీద వాళ్ల పేరు లేదు. చెరువును పూడ్చారు, పల్లాన్ని మట్టితో నింపారు. కొన్నిచోట్ల పదహారు నుంచి ఇరవై అయిదు అడుగుల మెరక వేశారు. 1846లో బ్రాడ్‌వేపై స్టీవర్ట్ అనే వ్యాపారి పెద్ద దుకాణం కట్టినప్పుడు ఎముకలు కనిపించాయి, పని మాత్రం ఆగలేదు. ఆ మెరకే తరువాత సమాధులను కాపాడింది. నేలమాళిగలు తవ్వినా చాలాచోట్ల అంత లోతుకు చేరలేదు.

1990లో అమెరికా కేంద్ర ప్రభుత్వ భవనాల బాధ్యత చూసే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ ఆ జాగాను నగరం నుంచి 10.4 కోట్ల డాలర్లకు కొన్నది. ఇక్కడ చట్టం పని చేసే తీరు కొంచెం తెలుసుకోవాలి, చిక్కుముడి అక్కడే ఉంది. 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంలో 106వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వ డబ్బుతో లేదా అనుమతితో జరిగే ఏ నిర్మాణానికైనా ముందు, దాని వల్ల చారిత్రక స్థలాలకు ఏం జరుగుతుందో పరిశీలించాలి, సంబంధం ఉన్నవారితో సంప్రదించాలి. అంతవరకే. స్థలాన్ని కాపాడి తీరాలని ఆ సెక్షన్ చెప్పదు. చూడమంటుంది, వినమంటుంది, ఆ తరువాత నిర్ణయం ఆ శాఖదే. ప్రైవేటు నేలపై ప్రైవేటు డబ్బుతో కట్టేదానికి ఆ సెక్షన్ అసలు వర్తించదు.

ఆ పరిశీలన జరిగింది. పాత పటాలు తెరిచి చూసి, ఈ జాగా శ్మశానం మీదే ఉందని రాశారు. కానీ పందొమ్మిదో శతాబ్దపు భవనాల నేలమాళిగలు సమాధులను ఎప్పుడో చెరిపివేసి ఉంటాయని, ఒక పాత సందు కింద మాత్రం కొన్ని మిగిలి ఉండవచ్చని భావించారు. ఆ ఊహ మీద నమ్మకంతో పని మొదలైంది. 1991లో తవ్వితే ఒకదాని తరువాత ఒకటిగా శవపేటికల ఆనవాళ్లు. తూర్పుకు చూసేలా, తల పడమర దిక్కున ఉంచి పడుకోబెట్టిన మనుషులు. ఒక పొర కింద మరో పొర. అక్టోబరులో ప్రభుత్వం ఈ సంగతిని ప్రకటించింది, ప్రకటించి తవ్వకం కొనసాగించింది. భవనం ఆలస్యమైతే ఖర్చు పెరుగుతుందన్న తొందరలో పురావస్తు నిపుణులు పగలూ రాత్రీ పని చేయవలసి వచ్చింది. 1992 ఫిబ్రవరిలో పాత నక్షా చూసి పునాది గుంత తవ్వడంతో కొన్ని సమాధులు యంత్రం కింద నలిగిపోయాయి.

అప్పుడు జనం కదిలారు. నగర చరిత్రలో మొదటి నల్లజాతి మేయర్ డేవిడ్ డింకిన్స్ అభ్యంతరం చెప్పారు. ఆనాడు రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న డేవిడ్ పాటర్సన్ ఒక బృందాన్ని కూడగట్టారు. హార్లెమ్ నుంచి, బ్రూక్లిన్ నుంచి సాధారణ ప్రజలు వచ్చి కంచె బయట ప్రార్థనలు చేశారు, జాగారాలు చేశారు. దక్షిణాది నుంచి ఉద్యోగాల కోసం వలస వచ్చిన కుటుంబాలు కొన్ని, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవి కొన్ని. ఈ సమాధుల్లో తమ సొంత తాత ఉన్నాడని ఎవరూ రుజువు చూపలేరు. ఆ రుజువు లేకుండా చేసింది ఎవరు? మనిషిని పేరు లేకుండా అమ్మిన వ్యవస్థే కదా. అందుకే "మేమందరం వీరి వారసులం" అన్న మాటకు అంత బలం వచ్చింది. 1992 జూలైలో, ప్రభుత్వ భవనాల వ్యవహారాలు చూసే ప్రతినిధుల సభ ఉపసంఘానికి అధ్యక్షుడిగా ఉన్న గస్ సావేజ్ విచారణ జరిపి, ఈ శాఖకు ఇక నిర్మాణ నిధులు మంజూరు కావని గట్టిగా చెప్పారు. తవ్వకం ఆగింది. అక్టోబరులో అధ్యక్షుడు బుష్ సంతకంతో చట్టం వచ్చింది. గోపురమంత భవనం లేచింది గానీ దాని పక్కన కట్టవలసిన నాలుగంతస్తుల భాగాన్ని రద్దు చేశారు. ఆ నేల స్మారకానికి మిగిలింది. సమాధులను కాపాడింది 106వ సెక్షన్ అని నేను అనుకోను. ఆ సెక్షన్ ఒక తలుపు తెరిచింది, లోపలికి తోసుకుని వెళ్లింది జనమే.

అప్పటికే 419 మంది అస్థికలను బయటికి తీశారు. వీటిని ఎవరు పరిశీలించాలి, ఏం అడగాలి అన్నది తరువాతి పోరాటం. మొదట వాటిని నగరంలోని ఒక కళాశాలకు చేర్చారు. అక్కడి నిపుణులు నేర పరిశోధనలో అలవాటైన పద్ధతిలో, పుర్రెల కొలతలతో జాతిని నిర్ణయించే పని మొదలుపెట్టారు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మానవశాస్త్రవేత్త మైకేల్ బ్లేకీ దీన్ని వ్యతిరేకించారు. వీళ్లు నల్లవారా అని అడగడం దేనికి, వీళ్లు ఎక్కడ పుట్టారు, ఎలా బతికారు, ఆఫ్రికన్లుగా వచ్చినవారు ఆఫ్రికన్ అమెరికన్లుగా ఎలా మారారు, ఎలా ఎదిరించారు అని అడగాలని ఆయన వాదన. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. ఈ పరిశోధనకు డబ్బు ఇచ్చేది ప్రభుత్వమే అయినా, తాము నైతికంగా జవాబు చెప్పవలసింది వారసులకని ఆయన అన్నారు. ప్రశ్నల జాబితాను జనంతో చర్చించి తయారు చేశారు. 1993లో అస్థికలు హోవర్డ్‌కు చేరాయి. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో లోకానికి మిగిలిన గొప్ప పాఠం ఇది. పురావస్తు శాస్త్రంలో "వారసుల సముదాయం" అన్న మాటకు బరువు వచ్చిన సందర్భాల్లో దీనిది ముందు వరుస.

ఆ ఎముకలు చెప్పిన సంగతులు చదవడం సులువు కాదు. వయసు తేల్చగలిగిన వారిలో నలభై శాతానికి పైగా పదిహేనేళ్ల లోపు పిల్లలు. ఎదుగుదల ఆగిన గుర్తులు పళ్ల మీద గీతలుగా మిగిలాయి. పెద్దవాళ్లలో కండరాలు ఎముకకు అంటుకునే చోట చిరిగిన ఆనవాళ్లు, మెడ దగ్గర, నడుము దగ్గర అరుగుదల. ఆడవారిలో కూడా అంతే, మోసిన బరువులు అలాంటివి. ఇరవై అయిదో నంబరు సమాధిలోని యువతికి ఇరవై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఆమె పక్కటెముకల మధ్య తుపాకీ గుండు దొరికింది. ముఖం మీద దెబ్బలు ఉన్నాయి, ముంజేయి మెలితిరిగి విరిగింది. కొంతమంది ముందు పళ్లు ఆఫ్రికాలోని ఆచారం ప్రకారం మొనదేలేలా అరగదీసి ఉన్నాయి. పంటి రసాయనాన్ని పరీక్షిస్తే మనిషి చిన్ననాడు ఏ నేల నీరు తాగాడో అంచనా వేయవచ్చు. అలా అరగదీసిన పళ్లవాళ్లు ఎక్కువగా ఆఫ్రికాలోనే పుట్టి పెరిగినవారని ఆ పరీక్షలు సూచించాయి.

ఎముకలు బాధ చెబితే, సమాధుల తీరు ప్రేమ చెబుతుంది. దాదాపు అందరినీ వస్త్రం చుట్టి, గుండుసూదులతో కూర్చి, పేటికలో పెట్టి, ఒక్కొక్కరినీ విడిగా పాతిపెట్టారు. కొన్నిచోట్ల తల్లి ఒడిలో బిడ్డను ఉంచారు. పేదరికంలో, నిఘా కింద, పన్నెండు మందికి మించి కూడకుండా ఇదంతా చేశారు. 340వ సమాధిలోని నడివయసు స్త్రీ నడుముకు నూటికి పైగా గాజు పూసలు, గవ్వలు. ఆ పూసల వడ్డాణాన్ని విలువ కోసం ఎవరూ తీసుకోలేదు, ఆమెతోనే పంపారు.

గవ్వల దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల నుంచి గవ్వలు ఓడల కొద్దీ పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లేవి, అక్కడ అవి డబ్బు. మనుషులను కొనడానికి ఐరోపా వర్తకులు వాటిని వాడారు. వాటితో పాటు కోరమాండల్ తీరంలో నేసిన నూలు బట్టలు కూడా వెళ్లాయి, అందులో ఒక రకానికి పేరే గినీ బట్ట. మచిలీపట్నం, పాలకొల్లు వంటి చోట్ల డచ్చివారు బట్టల వ్యాపారానికి స్థావరాలు పెట్టుకున్న కాలం అది. నేసిన సాలెవారికి తమ బట్ట ఏ చేతుల్లోకి వెళుతుందో తెలిసే దారి లేదు. ఆ వర్తకపు వల మన తీరాన్ని కూడా తాకిందని మాత్రం గుర్తుంచుకోవాలి.

101వ సమాధి గురించి పండితులు ఇప్పటికీ వాదిస్తున్నారు. ఆ పేటిక మూత మీద ఇనుప మేకులతో హృదయాకారంలో ఒక గుర్తు వేశారు. ఘనాలోని అకాన్ ప్రజల సంకోఫా చిహ్నం అదేనని, వెనక్కి వెళ్లి మరచినదాన్ని తెచ్చుకో అన్నది దాని అర్థమని కొందరు చెప్పారు. అది నేటి స్మారకానికి గుర్తుగా కూడా మారింది. ఆ కాలపు తెల్లవారి పేటికల మీద కూడా హృదయాకారం ఉండేదని, సంకోఫా అని తేల్చి చెప్పలేమని కొందరు చరిత్రకారులు అన్నారు. ఈ వాదనలో ఓడిపోయేవారు ఎవరూ లేరు. ఎవరో కూర్చుని, ఒక్కో మేకూ కొట్టి, ఒక మనిషి కోసం ఆ బొమ్మ వేశారన్నది నిజం.

పరిశోధన ముగిశాక 2003 అక్టోబరులో 419 మందినీ తిరిగి తెచ్చారు. ఘనాలో చేతితో చెక్కిన చెక్క పేటికల్లో ఉంచి, వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్, ఫిలడెల్ఫియా వంటి నగరాల మీదుగా ఊరేగింపుగా తీసుకొచ్చారు. ప్రతిచోటా జనం నిలబడి నమస్కరించారు. తీసిన చోటికి దగ్గరగానే ఏడు మట్టి దిబ్బల కింద మళ్లీ ఉంచారు. 2006 ఫిబ్రవరిలో ఆ చోటు జాతీయ స్మారకమయింది. 2007లో వాస్తుశిల్పి రాడ్నీ లియాన్ రూపొందించిన రాతి కట్టడం తెరుచుకుంది. అందులోని ఎత్తయిన గదిని పితరులకు తర్పణం విడిచే చోటుగా కట్టారు. పశ్చిమ ఆఫ్రికాలో కూడా పెద్దలను తలచుకుని నేల మీద నీరు వదులుతారు. ఆ గది ఎత్తు 24 అడుగులు, అస్థికలు దొరికిన లోతుకు గుర్తు.

కథ ఇంత బాగా ముగిసింది గనుక మిగిలిన శ్మశానాలు కూడా క్షేమమని అనుకోకూడదు. ఇక్కడ కేంద్ర ప్రభుత్వ భవనం ఉంది, మేయర్ నల్లజాతివాడు, కెమెరాలన్నీ మన్‌హాటన్‌లోనే ఉన్నాయి. ఇవేవీ లేని చోట ఏం జరుగుతుంది? ఫ్లోరిడాలోని టాంపాలో 1901లో ఏర్పడిన జయన్ శ్మశానం మీద తరువాత గిడ్డంగులు, ప్రభుత్వ గృహ సముదాయం లేచాయి. ఒక పత్రిక పరిశోధన తరువాత 2019లో నేలలోకి తరంగాలు పంపే రాడార్‌తో చూస్తే పేటికలు ఇళ్ల కిందే ఉన్నాయి. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ఎవర్‌గ్రీన్, ఈస్ట్ ఎండ్ అనే రెండు శ్మశానాలున్నాయి. అమెరికాలో బ్యాంకు స్థాపించిన తొలి మహిళల్లో ఒకరైన మ్యాగీ వాకర్ సమాధి ఎవర్‌గ్రీన్‌లోనే ఉంది. ఆ రెండూ దశాబ్దాల పాటు తీగల కింద, చెత్త కింద మునిగిపోయాయి. బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది సైనికుల సమాధులకు అదే రాష్ట్రం వంద సంవత్సరాలకు పైగా నిధులిచ్చింది. ఈ రెండింటికి సమాధికి అయిదు డాలర్ల లెక్కన సాయం చేయడానికి చట్టం వచ్చింది 2017లో.

ఇలాంటి శ్మశానాలు పాడుపడటానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. చాలావాటిని నిరుపేదల చందాలతో, పరస్పర సహాయ సంఘాలతో నడిపారు. శాశ్వత నిర్వహణ నిధి అనేది ఉండేది కాదు. నల్లజాతివారిని వేరుగా ఉంచిన జిమ్ క్రో చట్టాల నుంచి, హింస నుంచి పారిపోయి లక్షల మంది ఉత్తరాది నగరాలకు వెళ్లినప్పుడు, గడ్డి పీకి గుర్తు నిలబెట్టేవారు ఊళ్లో మిగలలేదు. గుర్తులు కూడా రాళ్లు కానవసరం లేదు. కొయ్య పలక, శంఖు, పగిలిన పింగాణీ గిన్నె, ఒక మొక్క. ఇలాంటివి తెలిసిన కళ్లు పోతే నేల ఖాళీగా కనిపిస్తుంది. ఆ తరువాత పన్ను బకాయికి వేలం, రహదారి, పార్కింగ్ స్థలం.

మూలవాసుల సమాధులకు 1990 నుంచి ఒక కేంద్ర చట్టం కొంత రక్షణ ఇస్తోంది. ఆఫ్రికన్ అమెరికన్ల శ్మశానాలకు అలాంటిది లేదు. 2022 డిసెంబరులో కాంగ్రెస్ ఒక చట్టం చేసి, వీటిని గుర్తించి కాపాడే పనులకు ఏటా 30 లక్షల డాలర్ల వరకు గ్రాంట్లు ఇచ్చే కార్యక్రమానికి అనుమతి ఇచ్చింది. అది మొదటి మెట్టే. ఒక్క మన్‌హాటన్ జాగాకే 10.4 కోట్ల డాలర్లు పెట్టిన దేశంలో, దేశమంతటా ఉన్న శ్మశానాలకు ఈ మొత్తం.

న్యూయార్క్‌లోని ఆ పాత శ్మశానం ఆరున్నర ఎకరాలకు పైబడి ఉండేది. జాతీయ స్మారకంగా మిగిలింది మన కొలతలో సుమారు ముప్పై అయిదు సెంట్లు. మిగతా నేల బ్రాడ్‌వే కింద, చాంబర్స్ వీధి కింద, కోర్టుల కింద, పాత స్టీవర్ట్ దుకాణం కింద ఉంది.  పదిహేను వేలలో 419 మంది పోగా మిగిలినవారిలో చాలామంది ఆ కాలిబాటల కిందే, తూర్పుకు ముఖం పెట్టి పడుకుని ఉన్నారు.